కుక్కపిల్లకు శయ్యాదానం

రుద్రమ్మ దగ్గర కుక్కపిల్ల కావాలంటే ముందు ఆమె వచ్చి మన ఇల్లు చూడాలి. పెళ్ళిచూపుల్లో కూడా అంత పట్టిపట్టి చూడరు. బాల్కనీకి కమ్మీలున్నాయా, పగలు ఇంట్లో మనిషుంటారా, నేల మరీ నున్నగా ఉండి పిల్ల కాళ్ళు జారతాయా, ఇంట్లో ముసలమ్మకి కుక్క పొడ గిట్టుతుందా, అన్నీ కావాలి ఆవిడకి. ఒకసారి ఒక జంట, "మేమిద్దరం సాఫ్ట్‌వేరండీ" అని గొప్పగా చెప్పుకున్నారు. "గట్లనా? మరి పొద్దంత పిల్లకు తోడెవరుంటరు, కంప్యూటరా?" అని గుమ్మంలోంచే తిరిగి వచ్చేసింది. అమీర్‌పేటలో ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అన్నవాడికి ఇల్లిచ్చేవాళ్ళు, పిల్లనిచ్చేవాళ్ళు ఎదురొచ్చి మరీ ఇస్తుంటే, కాదన్నది నాకు తెలిసి రుద్రమ్మ ఒక్కతే.

నేను ఆమె ఇంటి పైగదిలో అద్దెకుండేవాణ్ణి. మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్లో జావా చెప్పేవాణ్ణి. మాది తెనాలి. నా పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు నోరారా పలికే తీరిక ఎవరికుంటుంది, "సత్తెం సారు" అని కోసేసింది రుద్రమ్మ. కుక్కలంటే నాకు పడదు. ఇప్పటికీ పడదు. అవి నాకేం అపకారం చెయ్యలేదు, నా బుద్ధే అంత. అయినా ఆ శ్రావణమాసం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

వాళ్ళది బర్రెల ఇల్లు. పంజాగుట్ట చుట్టూ ఇంకా బండలూ బీళ్ళూ ఉన్నప్పుడు మామగారు ఐలయ్య మందని అటు తోలుకెళ్ళేవాడట. మొగుడు మొగిలయ్య సైకిలుకి క్యాన్లు కట్టుకుని సోమాజిగూడ బంగళాలకి పాలు పోసేవాడు. మొగిలయ్య పోయాడు. చుట్టూ హాస్టళ్ళు లేచాయి. పేడ వాసన వస్తోందని, జావా నేర్చుకోవడానికి వచ్చిన మా కుర్రాళ్ళే మున్సిపాలిటీకి చెప్పుకున్నారు. వాళ్ళ ఊళ్ళలో పేడ లేనట్టు! రుద్రమ్మ ఒక్కో బర్రెనీ ఊరవతలకి అమ్మేసి, ఖాళీ కొట్టం చూడలేక తలుపు గొళ్ళెం పెట్టేసింది. ఆ తలుపు మళ్ళీ తీయించింది గౌరి.

బేగంపేటలో ఒకప్పుడు పాలు పోయించుకున్న ఒక పెద్దాయన బదిలీ మీద పోతూ, గోధుమరంగు లాబ్రడార్ కూనని ఆమె ఒళ్ళో పెట్టి పోయాడు. దానికి చచ్చిపోయిన బర్రె పేరే పెట్టుకుంది రుద్రమ్మ. బర్రెను సాకినట్టే సాకింది. ఒళ్ళు గట్టిపడేదాకా, రెండు ఎదలు వదిలేసి మూడోదానికి గాని మగకుక్క దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆ మగకుక్కని కూడా ముందు పోయి చూసి, దాని నడుమూ నడకా చూసి, కోపిష్టిది కాదని నమ్మకం కుదిరాకే. ఏడాదికి రెండు ఈతలు ఈనిస్తే నీ దశ తిరుగుతుందని చెప్పినవాళ్ళు లేకపోలేదు.

"బర్రెకు సుత పాలు ఎండగొట్టే దినాలుంటయి సారూ," అనేది నాతో. "పిండుకుంట పోతే పాలెక్కడివి, నెత్తురొస్తది. తల్లి పానం తిని పిల్లలనిచ్చుడు ఏం పని?"

గౌరి మొదటి ఈతలో పుట్టినవి ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏం తింటున్నాయో ఆమెకి తెలుసు. బజారుకి పోతూ ఒక గేటు ముందు ఆగి లోపలికి తొంగిచూసి వచ్చేది. పిల్లని ఇచ్చేరోజున గుమ్మంలో నిలబెట్టి అప్పగింతలు పెట్టేది. "సూదులన్ని అయ్యేదాక రోడ్డు మీద నడిపియ్యకుర్రి. కోడి బొక్కలు ఎయ్యకుర్రి, గొంతుల ఇరుక్కుంటయి. చెవులు వారానికోసారి తుడువుర్రి, గీ జాతికి చెవులల్ల చీము వడ్తది. పాలల్ల రొట్టె నానేసి పెట్టి సాదినం అనుకోకుర్రి. సాదలేకపోతే సందుల ఇడిచిపెట్టకుర్రి, నాకు తెచ్చియ్యుర్రి, నేను తిట్ట." చివరి మాట మాత్రం నిజం కాదు. తిట్టేది.

ఈ అప్పగింతల్లో ఒక గుడ్డ ముక్క ఉండేది. బర్రెని అమ్మినప్పుడు వాళ్ళింట్లో పలుపు ఇవ్వరట. పలుపు పోతే పాడి దాని వెంటే పోతుందని భయం. కుక్కల దగ్గరకొచ్చేసరికి రుద్రమ్మ ఆ ఆచారాన్ని తిరగేసింది. గౌరి పడుకున్న గోనెలోంచి ఒక ముక్క కోసి పిల్లతోపాటు పంపేది. తల్లి వాసన పక్కనుంటే కొత్తింట్లో పిల్ల ఏడవదని. "ఉతకకుర్రి. దాని పక్కకే ఏసి పండవెట్టుర్రి," అని మరీమరీ చెప్పేది. చెప్పినట్టు చేసినవాళ్ళు మర్నాడు వచ్చి, "నిజమేనమ్మా, కిక్కురుమనలేదు" అనేవాళ్ళు. ఆ మాట విన్నరోజు ఆమె నడకే వేరుగా ఉండేది.

గౌరి రెండో ఈతకి అయిదు పిల్లలు. వై టు కె గొడవ సద్దుమణిగి, మా జావాకి గిరాకీ పెరిగిన ఏడాది అది. ఆషాఢం వచ్చేసరికి పిల్లలు కళ్ళు తెరిచి, కొట్టమంతా తిరుగుతూ, రాగిజావ గిన్నెలో ముఖాలు ముంచుకుంటున్నాయి. నులిపురుగుల మందు అయింది, మొదటి సూదీ అయింది. నాలుగింటికి ఇళ్ళు కుదిరాయి. ఆషాఢంలో కొత్త ప్రాణిని ఇంటికి తెచ్చుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు కదా, అందరూ శ్రావణం రానిమ్మన్నారు. అయిదోది అన్నిట్లోకీ బక్కది. దాన్ని మాత్రం ఎవరికీ చూపించలేదు. "గిది నాకు," అంది.

అప్పుడు వచ్చింది అరుణాదేవి.

అరుణాదేవిది రాజమండ్రి వైపు. పంజాగుట్టలో సొంత ఫ్లాటు, భర్త అచ్యుతరావు బ్యాంకు ఆఫీసరు, పిల్లలు లేరు. ఎవరో రోడ్డు పక్కన అమ్ముతుంటే ముచ్చటపడి ఒక కుక్కపిల్లని కొంది. అది వారం కూడా ఉండలేదు. వాంతులు, విరేచనాలు పెట్టుకుని పోయింది. ఏ డాక్టరుకీ చూపించలేదు. పనిమనిషి ఎలకల మందు పెట్టిన చోట ఏదో నాకి ఉంటుందని వాళ్ళే అనుకున్నారు. ఆవిడ రుద్రమ్మ కొట్టం ముందు నిలబడి, "నాకొక పిల్లనివ్వండి రుద్రమ్మగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను" అని ఏడ్చింది. పట్టుచీర కట్టుకున్న మనిషి అలా ఏడుస్తుంటే నాకే తల తిరిగింది.

రుద్రమ్మ ఇవ్వలేదు. "ఇప్పుడే వద్దమ్మా. నీ దుఃఖం ఆరలే. ఇప్పుడు పిల్లనిస్తే దీంట్ల గా సచ్చినదాన్నే ఎతుకుతవు. ఏడాది పోనీ, నేనే తెచ్చిస్త."

మంచి మాట. ఇప్పటికీ అది మంచి మాటేనంటాను. అరుణాదేవి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి ఆటోలో మళ్ళీ వచ్చింది. ఆటోలోంచి ఒక మెత్తటి పరుపు దించింది, మఖమల్ గలేబుది, పోయిన కుక్కపిల్ల కోసం ప్రత్యేకంగా కుట్టించినది. దానితో ఒక స్టీలు గిన్నె, ఎర్ర పట్టీ.

"ఏంటోనండీ, నవ్వుకుంటారేమో," అంది. "మా ఇళ్ళల్లో పోయినవాళ్ళకి పదకొండో రోజున శయ్యాదానం ఇస్తాం. పరుపు, గిన్నె, వాళ్ళు వాడుకున్నవి. పంతులుగారిని అడిగితే కుక్కకేంటమ్మా అని కసిరారు. ఇంట్లో పెట్టుకోలేను, పారేయలేను. మీ గౌరి పడుకుంటే దానికి చేరుతుందనిపించింది."

రుద్రమ్మ ఆ పరుపుని ముట్టుకోకుండా కాసేపు నిలబడింది. వద్దనాలని ఆమెకి ఉంది. నేను మెట్ల మీద నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత చేతులు చాచి తీసుకుంది. అరుణాదేవి వెళ్ళాక నాతో అంది, "పిల్లను ఇయ్యనన్న. పక్క సుత వద్దంటే గామె మనసేమైతది సారూ?"

అలాగని ఉన్నపళంగా వాడలేదు. గిన్నె, పట్టీ అటకెక్కించింది. పరుపుని రెండుసార్లు సబ్బుతో ఉతికి, కుంకుడు రసంలో నానబెట్టి దండెం మీద వేసింది. ఆషాఢం ముసురు. అది ఆరదు, వాన ఆగదు. రోజూ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి వేసేది. సరిగ్గా శ్రావణం వచ్చే ముందు ఆరింది. అప్పటికి పిల్లలు పాలు మరిచి కొట్టంలో వేరే మూల పడుకుంటున్నాయి. రుద్రమ్మ ఆ పరుపుని వసారాలో గౌరికి ఒక్కదానికే వేసింది.

ఎందుకంటే ఈసారి పిల్లలు పోయేవి ఒక్కటి తప్ప అన్నీ పెద్ద ఇళ్ళు. కిందటిసారి ఒక ఫ్లాటువాళ్ళు గోనె ముక్క చూసి ముక్కు మూసుకున్నారు. ఆ సంగతి రుద్రమ్మ మరిచిపోలేదు. "గోనె అంటే నామోషీ వాళ్ళకు. గీసారి మఖమల్ ఇస్త. మెత్తగ పండుకుంటయి," అని మురిసిపోయింది. గౌరి వాసన పట్టాక గలేబుని కత్తెరతో ముక్కలు కోసింది. అంచులు దారం లాగకుండా సూదితో కుట్టింది కూడా. శ్రావణంలో మొదటి మంచిరోజున నాలుగు పిల్లలూ నాలుగు ఇళ్ళకి వెళ్ళిపోయాయి. మిగిలిన బక్కది తోడు లేక ఒకటే ఏడుపు. మిగిలిన ముక్క దానికి వేసింది.

వారం తిరక్కముందే ఆ బక్కది జావ ముట్టుకోలేదు. పసుపు నురగ కక్కింది. తర్వాత నెత్తురు విరేచనం. ఆ వాసన ఒకసారి తెలిసినవాడు మళ్ళీ మరిచిపోడు. రుద్రమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని నా స్కూటరెక్కింది. పంజాగుట్ట వెనక సందులో డాక్టర్ కామరాజుగారని పశువుల డాక్టరు ఉండేవాడు, నిదానస్తుడు. పిల్లని చూడగానే చేతులు కడుక్కుని వచ్చి సెలైన్ ఎక్కించాడు.

"పార్వో," అన్నాడు. "కుక్కపిల్లల్ని ఊడ్చుకుపోయే రోగమమ్మా. మొదటి సూది ఒక్కటీ చాలదు, పూర్తిగా పట్టదు. ఇంట్లోకి కొత్తగా ఏమొచ్చింది?"

"ఏం రాలే సార్. పరాయి కుక్కను గేటు తొక్కనియ్యలే. చెప్పులు సుత బైటనే."

"ఏదో వచ్చి ఉండాలి."

"ఆ పరుపు వచ్చిందిగా," అన్నాను నేను. అనకుండా ఉంటే బాగుండునని అనేశాకే అనిపించింది.

డాక్టరు అడిగాడు, నేను చెప్పాను. అరుణాదేవి కుక్కపిల్ల ఎలా పోయిందో, పరుపు ఎలా వచ్చిందో. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సబ్బుకి చావదమ్మా ఇది. నీడన ఆరేసిన గుడ్డలో నెలల తరబడి ఉంటుంది. బ్లీచింగ్ నీళ్ళకి లొంగుతుంది, లేకపోతే నిప్పుకి. గౌరికి సూదులన్నీ పడ్డాయి కాబట్టి దానికేం కాదు. పిల్లలకే." ఆగి అడిగాడు, "ఆ పరుపు మీద ఇంకేవి పడుకున్నాయి?"

రుద్రమ్మ గోడ పట్టుకుంది. ఆమె కళ్ళ ముందు ఏం తిరుగుతోందో నాకు తెలుసు. నాలుగు ముక్కలు, అంచులు కుట్టి మరీ ఇచ్చినవి.

బక్కదాన్ని డాక్టరు దగ్గరే వదిలేశాం. కిరాణా కొట్లో బ్లీచింగ్ పౌడర్ పొట్లాలు కొని సంచిలో వేసుకుంది. సన్నగా వాన పడుతోంది. ఇప్పుడైతే ఫోన్ చేసి చెప్తారు. అప్పుడు ఆ ఇళ్ళ ఫోన్ నంబర్లు ఆమె దగ్గర లేవు. ఇళ్ళు మాత్రం చూసింది కాబట్టి గేటు గుర్తే, మెట్లు గుర్తే. స్కూటరు మీద నా భుజం పట్టుకుని, "ఉరుకు సారూ, జర ఉరుకు" అంటూనే ఉంది. పంజాగుట్ట చౌరస్తాలో బస్సుల మధ్య ఇరుక్కుంటే దిగి నడవబోయింది.

ఆగినచోట నేను ఒక సలహా ఇచ్చాను. "రోగం తిరుగుతోందని చెప్పండి చాలు. గుడ్డ సంగతి మనం చెప్పుకోవడమెందుకు? మీ పేరు పోతుంది."

"గుడ్డ సంగతి చెప్పకుంటే గుడ్డ గాడనే ఉంటది కద సారూ," అంది. నేను స్కూటరు ముందుకి పోనిచ్చాను.

మొదటి ఇల్లు టెంట్‌హౌస్ హనుమాండ్లుది, పంజాగుట్టలోనే. గేటు తీసేసరికి పిల్ల పరుగెత్తుకొచ్చి రుద్రమ్మ కాళ్ళకి అడ్డం పడింది. బొద్దుగా ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, "గుడ్డేది? నేనిచ్చిన గుడ్డేది?" అంది.

హనుమాండ్లు తల గోక్కున్నాడు. "కోపం చెయ్యకు అక్కా. మా ఇంటామె దాన్ని చూసి, గీ పాతగుడ్డ లోపటికెందుకని గా రోజే బైట చెత్తకుండిల పారేసింది. పిల్లకు సుత స్నానం పోసింది. వద్దని నువ్వు చెప్పినవని అన్న, వినలే."

వేరేరోజైతే ఆ ఇల్లాలికి ఉండేది. ఆవేళ రుద్రమ్మ ఆమెకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. సంగతంతా చెప్పి, ఆ గుడ్డ పట్టిన చేతులతో పిల్లని ముట్టుకోవద్దని, ఇల్లంతా బ్లీచింగ్ నీళ్ళతో కడగమని, రెండో సూది ఎప్పుడు వేయించాలో డాక్టర్ని అడగమని చెప్పి బయటపడింది. స్కూటరెక్కుతూ, "బతికింది," అంది. నాక్కూడా ఊపిరాడింది. మిగిలినవి కూడా ఇలాగే ఉంటాయని ఆశ పుట్టింది.

బంజారాహిల్స్‌లో మంజూషగారి ఇల్లు. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. రుద్రమ్మ గేటు అవతల నుంచే అరిచింది. మంజూషగారు గొడుగు వేసుకుని వచ్చి, విసుగ్గా విని, "ఆ గుడ్డ కంపు కొడుతోందండీ, డ్రైవర్ బండి తుడుచుకోడానికి తీసుకెళ్ళాడు. పిల్ల బాగానే ఉంది, కొత్త బెడ్ కొన్నాం" అంది. డ్రైవర్ని పిలిపించి ఆ గుడ్డని పెట్రోలు పోసి తగలబెట్టేదాకా రుద్రమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. మంజూషగారు లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడుకి నాకు ఒళ్ళు మండింది గాని, రుద్రమ్మకి అదేమీ పట్టలేదు.

మూడోది సోమాజిగూడ. వంశీధర్ అని పత్రికలో పనిచేసే కుర్రాడు, తల్లితో ఉంటాడు. తలుపు తీసిన తల్లి ముఖంలోనే తెలిసిపోయింది. పిల్ల ఒక మూల ఆ మఖమల్ ముక్క మీదే ముడుచుకుని ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. "పొద్దుటి నుంచి ఏమీ తినలేదండీ. మీ దగ్గరికే బయల్దేరుతున్నాడు వాడు," అంది. రుద్రమ్మ నేల మీద కూలబడి జరిగిందంతా చెప్పింది. వంశీధర్ వింటూ వింటూ లేచి నిలబడ్డాడు.

"ఉతకొద్దని మీరేగా చెప్పారు? పక్కనే వేయమని మీరేగా చెప్పారు?"

"నేనే చెప్పిన."

"చచ్చినదాని పరుపు మా ఇంటికి ఇస్తారా? బుద్ధుందా మీకు?"

తల్లి ఊరుకోమంటున్నా అతను ఊరుకోలేదు. రుద్రమ్మ నేల మీంచి లేచింది. "తిట్టు నాయినా, తొవ్వల తిట్టు. ముందుగాల డాక్టర్ తానకు నడువు," అంది. అతను పిల్లని తువ్వాల్లో చుట్టుకుని ఆటో ఎక్కాడు. ఆ గుడ్డని ఆమె వాళ్ళ పెరట్లో తగలబెట్టి, మూలంతా బ్లీచింగ్ నీళ్ళు పోసి మోకాళ్ళ మీద రుద్దింది. ఆమె చేతులు పాలిపోయి ముడతలు పడ్డాయి.

అక్కణ్ణుంచి బేగంపేటకి పోయాం. చివరి ఇల్లు సంగీతది. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో పనిచేసే పిల్ల, వరంగల్ వైపు నుంచి వచ్చి, తండ్రి సాయిలుతో రెండు గదుల్లో ఉంటుంది. ఇళ్ళన్నిట్లోకీ చిన్నది. అయినా రుద్రమ్మకి అన్నిట్లోకీ నచ్చిన ఇల్లు. పగలంతా సాయిలు ఇంట్లోనే ఉంటాడు. కిటికీ కింద పిల్ల కోసం ఇసుక పోసి చోటు కూడా చేసిపెట్టాడు. సంగీత అయితే రుద్రమ్మ చెప్పిన ప్రతిమాటా ఆమెతో రెండోసారి చెప్పించుకుని మరీ విన్నది.

సాయిలు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "పొద్దుగాల పోయిందమ్మా. గా చెట్టు కింద బొంద వెట్టిన," అన్నాడు.

సంగీత లోపల గోడకి ఆనుకుని ఉంది. రుద్రమ్మని చూడగానే చిన్నపిల్లలా వచ్చి చేతులు పట్టుకుంది. "అమ్మా, మీరు చెప్పినయన్ని చేసిన. రోడ్డు మీదికి తీస్కపోలే. బొక్కలెయ్యలే. గుడ్డ ఉతకలే, ఒక్క దినం సుత దాని పక్కల నుంచి తియ్యలే. నేనేం తప్పు చేసిన అమ్మా? చెప్పుర్రి, ఏం తప్పు చేసిన?"

నేను గుమ్మం బయటే ఉండిపోయాను. పారిపోవాలనిపించింది.

"నా మాట విన్నవు బిడ్డా," అంది రుద్రమ్మ. "విననోళ్ళ ఇంట్ల బతికినయి."

తర్వాత మొత్తం చెప్పింది. సంగీత ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. ఆ మఖమల్ ముక్క ఆమె ఒళ్ళోనే ఉంది. రుద్రమ్మ చెయ్యి చాచింది. "ఇటియ్యి. కాలవెట్టాలె."

"ఇయ్య. నాకిదొక్కటే మిగిలింది."

"ఇయ్యి బిడ్డా."

"ఉతుక్కుంట. పెట్టెల దాచిపెడ్త. ఎవ్వరికీ ఇయ్య. అమ్మా, జర ఉండనియ్యుర్రి."

ఏడుస్తున్న మనిషిని కాదనలేక ఆ రోజు పరుపు తీసుకున్న రుద్రమ్మ, ఇప్పుడు ఏడుస్తున్న మనిషి చేతిలోంచి గుడ్డని బలవంతంగా లాక్కుంది. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది. సంగీత "నాయినా!" అని అరిచింది. సాయిలు వచ్చి కూతుర్ని పట్టుకున్నాడు. వాన ఆగలేదు కాబట్టి మెట్ల కింద నిప్పు పెట్టాల్సి వచ్చింది. తడిగాలికి అది ఒక పట్టాన అంటుకోలేదు. నా అగ్గిపెట్టె అయిపోతే సాయిలు ఇంట్లోంచి కిరోసిన్ తెచ్చి పోశాడు.

మేం డాక్టరు దగ్గరికి తిరిగొచ్చేసరికి బక్కది పోయింది. వంశీధర్ వాళ్ళది ఇంకో రెండు రోజులు కొట్టుకుంది. వంశీధర్ అక్కడే బెంచీ మీద ఉన్నాడు, రుద్రమ్మా అక్కడే ఉంది. పిల్ల పోయాక అతనే ఆమెకి ఒక గ్లాసు టీ తెచ్చిచ్చాడు. ఆమె తాగలేదు.

ఆ తర్వాత రుద్రమ్మ కొట్టంలో ఉన్నవన్నీ కాల్చేసింది. గోనెలు, గడ్డి, గిన్నెలు తుడిచే గుడ్డతో సహా. వసారాలో పరుపు, అటక మీది పట్టీ కూడా నిప్పులో వేసింది. గోడలకి మళ్ళీ సున్నం వేయించింది. గౌరి ఆ ఖాళీ కొట్టంలో మూలమూలా వాసన చూసుకుంటూ తిరిగేది. డాక్టరుతో మాట్లాడి దానికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. "ఇంత జాగ్రత్తగా చేసేదానివి నువ్వే మానేస్తే ఎలాగమ్మా, రోడ్డు పక్క అమ్మేవాళ్ళే మిగుల్తారు" అని కామరాజుగారు నచ్చజెప్పాడు. వినలేదు. నేనూ చెప్పి చూశాను. నాతో మాట్లాడ్డమే మానేసింది కొన్నాళ్ళు.

పిల్లలు పోయాయన్న కబురు అరుణాదేవికి ఎలా చేరిందో తెలియదు. ఒకరోజు వచ్చింది. కొట్టం తలుపుకి గొళ్ళెం చూసి అక్కడే ఆగిపోయింది. ఆవిడకి చెప్పొద్దని నేను రుద్రమ్మని బతిమాలి ఉన్నాను. చెప్పి ఏం లాభం, పోయినవి తిరిగొస్తాయా? కానీ చెప్పకపోతే ఆవిడ రేపు ఇంకో పిల్లని తెచ్చి అదే ఇంట్లో పెడుతుంది, అదీ పోతుంది. ఆ సంగతి నాకు తట్టలేదు, రుద్రమ్మకి తట్టింది. మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని, రోగం పేరు, ఇల్లు కడుక్కునే పద్ధతి, ఏడాదిదాకా ఏ పిల్లనీ తేవద్దని అన్నీ వరసగా చెప్పింది.

అరుణాదేవి ముఖం తెల్లబోయింది. "అంటే నా శయ్యాదానం వల్లేనా? నేనిచ్చిన పరుపు వల్లేనా ఇంత జరిగింది?" అంది. "అంత మాటొద్దు రుద్రమ్మగారూ, కాదని చెప్పండి. ప్రేమకొద్దీ ఇచ్చానండీ. మీరు ఆవేళ పిల్లని ఇవ్వనన్నారనే కదా, ఆ పరుపు ఉంచుకుని ఏం చేయనని తెచ్చిచ్చాను?"

ఆవిడ నెపం మోపడానికి అనలేదు. నోటికొచ్చింది, అంతే. కానీ రుద్రమ్మ తల ఎత్తి ఆవిడ వంక చూసింది.

"అదేనమ్మా నేను పండుకోలేకుంట అయ్యింది," అంది. "గా దినం నీకొక పిల్లనిచ్చుంటే, గా పరుపు నీ ఇంట్లనే ఉండేది. గా ఒక్కటే పోయేది. నేను మంచిదాన్నని, దుఃఖం ఆరనియ్యమని, ఇయ్యలే. మూడింటిని సంపుకున్న."

అరుణాదేవి ఆమె చేయి పట్టుకుంది. నేను క్లాసుకి ఆలస్యమవుతోందని వాళ్ళ పక్కనుంచే మెట్లు దిగి వెళ్ళిపోయాను.